లుడ్విగ్ అనే జర్మన్ పేరుకు అర్థమేమిటి? బారసాలకు ముందు తెలుసుకోవాలని ఉంది

గౌతమి (రాజమహేంద్రవరం)

సభ్యులందరికీ నమస్కారం. మా అమ్మాయి జర్మనీలోని బాన్ నగరంలో ఉంటోంది. అల్లుడు ఆ ఊరివాడే. మూడు వారాల క్రితం వాళ్ళకు అబ్బాయి పుట్టాడు. పిల్లవాడికి అల్లుడి తాతగారి పేరు, లుడ్విగ్ అని పెడుతున్నారు. తాతముత్తాతల పేర్లు పిల్లలకు పెట్టుకోవడం మన ఇళ్ళలోనూ ఉన్నదే కనుక ఆ మాట వినగానే నా మనసు నిండింది. వచ్చే నెల నేను వెళ్ళాక బారసాల మన పద్ధతిలో జరుపుదామని, పళ్ళెంలో బియ్యం పోసి ఉంగరంతో పేరు రాయిద్దామని వియ్యంకుడుగారే అడిగారట.

ఆ పేరుకు అర్థమేమిటని ఇక్కడ బంధువులు అడుగుతుంటే ఏం చెప్పాలో నాకు తోచడం లేదు. పేర్ల వెబ్‌సైట్లలో వెదికితే ఒకచోట "ప్రఖ్యాతుడైన యోధుడు" అని, ఇంకొకచోట "ప్రజల వీరుడు" అని, వేరొకచోట "ఆటలాడేవాడు" అని కూడా ఉంది. ముప్పై రెండేళ్ళు బడిలో తెలుగు చెప్పినదాన్ని. అర్థం తెలియని పేరును బియ్యంలో రాయించడానికి మనసొప్పడం లేదు. పైగా ఫోనులో అల్లుడు ఆ పేరు పలికితే నాకు "లూట్‌విష్" అని వినబడుతోంది. తెలిసినవారు దయచేసి వివరంగా చెప్పండి.

పదమూలం

గౌతమిగారూ, మనవడు పుట్టినందుకు శుభాకాంక్షలు. మీరు చూసిన మూడు అర్థాలలో మొదటిదే సరైనది.

ఈ పేరు రెండు మాటలు కలిసిన సమాసం. పాత జర్మానిక్ భాషల్లో మొదటి భాగం "హ్లూద్". గట్టిగా వినబడేది, పేరు మోగినది అని దాని అర్థం. ఇంగ్లీషులో "లౌడ్", జర్మన్‌లో "లౌట్" అనేవి ఆ మాటకు నేటి రూపాలు. రెండో భాగం "వీగ్", అంటే పోరు. పాత ఇంగ్లీషులోనూ యుద్ధాన్ని వీగ్ అనేవారు. జయించడం అనే అర్థం గల లాటిన్ క్రియ "వింకెరె", దానినుంచి వచ్చిన విక్టర్, విక్టరీ అనే మాటలు దీనికి దూరపు చుట్టాలు. కాబట్టి లుడ్విగ్ అంటే పోరులో పేరు మోగినవాడు.

ఈ అర్థం నేటి పండితులు తవ్వి తీసినది మాత్రమే కాదు. 9వ శతాబ్దంలో ఫ్రాంకులు అనే జర్మానిక్ జాతి చక్రవర్తి పుణ్యాత్ముడైన లూయీ (లూయీ అంటే లుడ్విగ్‌కు ఫ్రెంచి రూపమే) ఆగ్రహానికి గురై, స్ట్రాస్‌బర్గ్‌లో ప్రవాసం గడుపుతున్న ఎర్మోల్డస్ నిగెల్లస్ అనే కవి, ప్రభువు మనసు కరిగించాలని ఆయనను పొగుడుతూ లాటిన్‌లో ఒక కావ్యం రాశాడు. అందులో రాజు పేరును రెండుగా విడదీసి, "హ్లూతో" అంటే ప్రఖ్యాతమని, "విగ్" అంటే మార్స్ అని, అనగా రోమన్ల యుద్ధదేవత అని వివరించాడు. ఆ భాష జనం నోట ఇంకా సజీవంగా ఉన్న రోజుల్లోనే ఒక కవి ఇచ్చిన వివరణ కనుక దానికి నేను చాలా విలువ ఇస్తాను.

"ప్రజల వీరుడు" అనే అర్థం మరో మాటతో పొరబడడం వల్ల వచ్చింది. జర్మన్‌లో జనాన్ని "లౌట్"కు దగ్గరగా వినబడే "లొయ్‌టె" అంటారు. దాని పాత రూపం "లియుట్". ఆ మాట ఉన్న పేరు లుయిట్‌పోల్డ్, అంటే జనంలో ధైర్యశాలి. అదే తరువాత లియోపోల్డ్ అయింది. చూడగానే అందులో లియో అనే సింహం కనబడుతుంది గాని, నిజానికి అక్కడ ఉన్నది జనమే. లుడ్విగ్‌లో మాత్రం ఆ జనం లేరు.

సంశయి

మరి "ఆటలాడేవాడు" ఎక్కడినుంచి వచ్చింది? మన ఇళ్ళలో పిల్లలు ఆడే లూడోకూ దీనికీ ఏమైనా సంబంధం ఉందా? ఇంకొక సందేహం కూడా ఉంది. జర్మనీ పటంలో ష్లెస్విగ్ అనే ఊరు కనబడుతుంది. దానిలోని విగ్ కూడా యుద్ధమేనా?

పదమూలం

రెంటికీ సంబంధం లేదు. "లూడో" అంటే లాటిన్‌లో "నేను ఆడుతున్నాను" అని అర్థం, ఆటకు ఆ పేరు అలా వచ్చింది. మధ్యయుగపు గుమస్తాలు లుడ్విగ్‌ను లాటిన్ కాగితాల్లో "లుదోవికుస్" అని రాయడంతో అది లాటిన్ మాటలా కనబడసాగింది. ఆ వేషాన్ని చూసి ఎవరో ఆటను ఊహించుకున్నారు. ష్లెస్విగ్‌లోని విగ్ సముద్రపు పాయ ఒడ్డును చెప్పే వేరే మాట. ష్లై అనే పాయ ఒడ్డున ఉన్న ఊరు కనుక దానికి ఆ పేరు.

శ్రీపథం

గౌతమిగారూ, మీరు తెలుగు ఉపాధ్యాయులు కనుక మీకు ఇంకా దగ్గరగా అనిపించే విషయం ఒకటి చెబుతాను. పదమూలంగారు చెప్పిన "హ్లూద్", మన సంస్కృతంలోని "శ్రుత" ఒకే తల్లి బిడ్డలు.

సంస్కృతంలో "శ"కారం ఉన్న అనేక మాటలకు జర్మానిక్ భాషల్లో "హ"కారం ఉన్న మాటలు సరిపోతాయి. మన శతం వాళ్ళ హండ్రెడ్. మన శ్వానం జర్మన్‌లో హుండ్, అంటే కుక్క. అదే దారిలో మన "శ్రు" అక్కడ "హ్లు" అయింది. గ్రీకులో అది "క్లు". ఈ భాషలన్నిటికీ తల్లి అయిన మూలభాషలో వినడం అనే అర్థం గల ధాతువు ఇది. శ్రవణం, శ్రోత, శ్రుతి అన్నీ దీనినుంచి పుట్టినవే. వినబడడం నుంచి కీర్తి అనే అర్థం ఎలా వచ్చిందో మనకు ఎవరూ విడమరచి చెప్పనక్కరలేదు. "ఊరంతా అతని పేరు మారుమోగిపోయింది" అని మనమూ అంటాం కదా.

పురాణాలు చదివినవారికి ఈ ధాతువు ఉన్న పేర్లు కొత్త కాదు. భారతంలో సోమదత్తుని కొడుకు భూరిశ్రవుడు, అంటే గొప్ప కీర్తి గలవాడు. రావణుని తండ్రి విశ్రవసుడు. ఋగ్వేదంలో సుశ్రవసుడు అనే రాజు ఉన్నాడు. ఆ సుశ్రవసుడి పేరే ఇరాన్‌లో అవెస్తా భాషలో "హఓస్రవహ్" అయి, నలిగి నలిగి ఖుస్రో అయింది. అమీర్ ఖుస్రో పేరులో ఉన్నది కూడా మంచి కీర్తి గలవాడనే అర్థమే. గ్రీకుల పెరిక్లీస్‌లో, హెరాక్లీస్‌లో చివర ఉన్న "క్లీస్", రష్యన్ల యారోస్లావ్‌లో ఉన్న "స్లావ్" కూడా ఈ ఇంటివే. ఇన్ని జాతులవారు పిల్లలకు పేరు పెట్టేటప్పుడు వినబడడం అనే ఒకే ధాతువును చేతిలోకి తీసుకున్నారని తలుచుకుంటే నాకు ఒళ్ళు పులకరిస్తుంది.

ఆర్షవాణి

చాలా ఆనందం కలిగింది. అంటే లుడ్విగ్ అనే పేరు సంస్కృతంనుంచే జర్మనీకి వెళ్ళిందని నిశ్చయంగా చెప్పవచ్చు.

శ్రీపథం

లేదండీ, అలా చెప్పకూడదు. అక్కచెల్లెళ్ళ పోలిక ఒకటైనంత మాత్రాన ఒకరు మరొకరి కూతురు కారు. సంస్కృతంనుంచి ఆ మాట అరువు వెళ్ళి ఉంటే అది "శ" తోనో "స" తోనో వెళ్ళి ఉండేది. అక్కడ "హ" ఉండడమే అది వాళ్ళ సొంత మాట అనడానికి సాక్ష్యం. అయితే ఈ చుట్టరికాన్ని తేల్చడంలో వేదం చేసిన సాయం తక్కువది కాదు. మూలభాషలోని "త"కారం జర్మానిక్‌లో కొన్ని మాటల్లో ఒకలాగా, కొన్నింటిలో "ద"కారంగా ఎందుకు మారిందో చాలాకాలం ఎవరికీ అంతుపట్టలేదు. 1870లలో డెన్మార్క్‌కు చెందిన భాషాపండితుడు కార్ల్ వెర్నర్ వేదస్వరాలను పట్టుకొని చూశాడు. సంస్కృతపు మాటలో ఉదాత్తం, అంటే ఎత్తి పలికే స్వరం, ఆ హల్లుకు ముందున్న అచ్చుపై లేకపోతే అక్కడ "ద" వస్తుందని తేల్చాడు. "శ్రుత" అనే మాటలో ఉదాత్తం చివరి అచ్చుపై ఉంటుంది. అందుకే "హ్లూద్"లో ద కనబడుతోంది. మన ఘనపాఠీలు తరతరాలుగా కాపాడుకుంటూ వచ్చిన స్వరం ఒక జర్మన్ పేరులోని అక్షరాన్ని వివరించగలిగింది. ఇంతటి నిజమైన గౌరవం ఉండగా లేని గొప్పను చేర్చడం ఎందుకని నా మనవి.

ఆర్షవాణి

మీరు చెప్పినది అర్థమైంది. నా మాటను వెనక్కి తీసుకుంటున్నాను. స్వరం సంగతి నేను ఎన్నడూ వినలేదు. కృతజ్ఞతలు.

చరిత్రప్రియ

అర్థం తేలింది కనుక ఈ పేరు నడిచిన దారిని కూడా చెప్పుకుందాం. ఎందుకంటే నేటి లుడ్విగ్ పుట్టినచోటే స్థిరంగా కూర్చున్న పేరు కాదు. అది ఫ్రాన్సు వెళ్ళి కిరీటం పెట్టుకొని జర్మనీకి తిరిగి వచ్చిన పేరు.

మనకు తెలిసిన తొలి ప్రముఖ లుడ్విగ్‌ను చరిత్ర పుస్తకాల్లో క్లోవిస్ అంటారు. 481లో ఫ్రాంకుల రాజై, 511లో మరణించాడు. ఫ్రాంకుల నోటిలో "హ" గరుకుగా పలికేది కనుక లాటిన్ రాతగాళ్ళు ఆయన పేరును "క్లోదోవెకుస్" అని రాశారు. ఆ మొదటి హల్లు నిలిచిన రూపం క్లోవిస్. అది జారిపోయిన రూపం లూయీ. అంటే క్లోవిస్, లూయీ, లుడ్విగ్ మూడూ ఒకే పేరు. ఫ్రాన్సులోని రాంస్ నగరంలో బిషప్ రెమీజియస్ చేతుల మీదుగా క్లోవిస్ క్రైస్తవం స్వీకరించాడు. సంప్రదాయం దానికి 496 అనే సంవత్సరం చెబుతుంది. 508 అనే చరిత్రకారులూ ఉన్నారు.

క్లోవిస్ కొడుకులలో ఒకడి పేరు క్లోథార్, మరొకడి పేరు క్లోదోమేర్. తండ్రి పేరులోని మొదటి భాగాన్ని తీసుకొని, వెనుక వేరే మాట తగిలించి కొడుకులకు పేర్లు పెట్టారన్నమాట. మనవాళ్ళు ఇంటి పిల్లలందరికీ వేంకట అనో సూర్య అనో ముందు పెట్టి, వెనుక మాట మార్చినట్టే ఉంటుంది. క్లోథార్ తరువాత లోథార్ అయింది. ఫ్రాన్సులోని లొరెయ్న్ ప్రాంతం పేరు, లోథార్ అనే పేరే గల తరువాతి రాజు నుంచి వచ్చిందే.

క్లోవిస్ వంశాన్ని 751లో పక్కకు నెట్టి కొత్త వంశం గద్దె ఎక్కింది. వాళ్ళ ఇంట్లో పేర్లు కార్ల్, పిపిన్, కార్లోమాన్. అయితే 778లో షార్లమేన్ చక్రవర్తికి కవల కొడుకులు పుట్టినప్పుడు వారికి తన వంశపు పేర్లు పెట్టలేదు. పాత రాజుల పేర్లు లుడ్విగ్, లోథార్ తెచ్చి పెట్టాడు. గద్దెతోపాటు దాని గౌరవం కూడా తమదేనని చాటడానికే ఆ పని చేశాడని చరిత్రకారులు అంటారు. లోథార్ పసితనంలోనే పోయాడు. మిగిలిన లుడ్విగ్ తండ్రి తరువాత చక్రవర్తి అయ్యాడు. పదమూలంగారు చెప్పిన ప్రవాసకవి పొగిడినది ఆయననే.

ఆయన కొడుకులు రాజ్యం కోసం కొట్టుకున్నారు. 842లో వారిలో ఇద్దరు, తూర్పు భాగాన్ని ఏలే లుడ్విగ్, పశ్చిమ భాగాన్ని ఏలే కార్ల్, స్ట్రాస్‌బర్గ్‌లో తమ సేనల ఎదుట ఒట్టు పెట్టుకున్నారు. తమ్ముడి సైనికులకు అర్థం కావాలని లుడ్విగ్ రోమాన్స్ భాషలో, అంటే ఫ్రెంచికి తొలి రూపంలో, అన్న సైనికులకు అర్థం కావాలని కార్ల్ జర్మన్‌లో ప్రమాణం చేశారు. ఫ్రెంచి భాషకు మనకు దొరికిన తొలి రాతగా పండితులు ఆ ప్రమాణాన్నే చూపుతారు. అందులో ఈ పేరు ఒకచోట "లోధువిగ్స్" అని, పక్కనున్న జర్మన్ పాఠంలో "లుధువిగ్" అని ఉంది. ఒకే పేరు రెండు భాషలుగా చీలిపోవడాన్ని ఒకే కాగితంపై చూడగలగడం ఎంత అరుదైన సంగతో ఆలోచించండి.

గౌతమి (రాజమహేంద్రవరం)

చదువుతుంటే కళ్ళు చెమర్చాయి. పసివాడి పేరు వెనుక ఇంత ఉందని నాకు తెలియదు. మరి పేరు ఫ్రాన్సు వెళ్ళి తిరిగి వచ్చిందన్నారు. అది ఎలా జరిగిందో చెప్పగలరా?

చరిత్రప్రియ

చెబుతానమ్మా. ఫ్రాన్సులో లూయీ అనేది దాదాపు రాజు అనే మాటకు పర్యాయపదమైపోయింది. లెక్క పద్దెనిమిదవ లూయీ దాకా వెళ్ళింది. ఆ లెక్క షార్లమేన్ కొడుకుతో మొదలవుతుంది. క్లోవిస్‌ను అందులో కలపలేదు. వీరిలో తొమ్మిదవ లూయీ 1270 ఆగస్టు 25న మరణించగా, 1297లో చర్చి ఆయనను పునీతునిగా ప్రకటించింది. అప్పటినుంచి ఆగస్టు 25 ఈ పేరు గలవారందరికీ పండుగరోజు. మనవాళ్ళు చాలామంది ఉంటున్న అమెరికాలోని సెయింట్ లూయిస్ నగరం పేరు ఆయనదే. లూయిసియానాకు మాత్రం పద్నాలుగవ లూయీ పేరు పెట్టారు.

ఇక తిరిగి రావడం సంగతి. 1786 ఆగస్టు 25న, సరిగ్గా ఆ పండుగరోజే, స్ట్రాస్‌బర్గ్‌లో ఒక పిల్లవాడు పుట్టాడు. తండ్రి ఫ్రెంచి సైన్యంలో పనిచేస్తున్న జర్మన్ రాజవంశీయుడు. పిల్లవాడికి జ్ఞానపితగా నిలిచినవాడు పదహారవ లూయీ. ఆయన పేరే పిల్లవాడికి జర్మన్ రూపంలో లుడ్విగ్ అయింది. ఆ పిల్లవాడే తరువాత బవేరియా రాజు మొదటి లుడ్విగ్. రైన్ నది ఒడ్డున పెద్ద రసాయన కర్మాగారం ఉన్న లుడ్విగ్స్‌హాఫెన్ నగరం ఆయన పేరు మీదే వెలిసింది. ఆయన మనవడు కూడా 1845 ఆగస్టు 25నే పుట్టాడు. ఆ మనవడికి ఓటో అని పేరు నిర్ణయించారు. కాని తన పుట్టినరోజునాడు పుట్టాడు కనుక తన పేరే పెట్టాలని తాత పట్టుబట్టడంతో లుడ్విగ్ అయింది. కొండమీద నోయిష్వాన్‌స్టైన్ కోట కట్టించిన రాజు ఆ మనవడే. ఓటో అనే పేరు తరువాత పుట్టిన తమ్ముడికి వెళ్ళింది.

విశాఖ వాసి

ఈ పేరు మన తీరానికి కూడా వేరే వేషంలో వచ్చింది. విశాఖపట్నం పాతనగరంలో సెయింట్ అలోయిసియస్ పాఠశాల ఉంది. అలోయిసియస్ అంటే ఇటలీలో 1568లో పుట్టి, రోమ్‌లో రోగులకు సేవ చేస్తూ జబ్బు సోకి 1591లో ఇరవై మూడేళ్ళకే మరణించిన పునీతుడు. ఇంట్లో ఆయన పేరు లూయిజీ. లూయిజీ అంటే ఇటాలియన్ లుడ్విగ్. లాటిన్‌లో అలోయిసియస్ అని రాశారు. బవేరియాలోనూ ఆస్ట్రియాలోనూ దానినే అలోయిస్ అంటారు. మతిమరపు జబ్బుకు తన పేరు ఇచ్చిన వైద్యుడు ఆల్‌ట్సైమర్ మొదటి పేరు కూడా అలోయిస్. ఈ పేరును కొందరు "అలవిస్", అంటే సర్వం తెలిసినవాడు అని విడదీస్తారు గాని, పునీతుని ఇంట్లో పిలిచిన పేరే లూయిజీ అయినప్పుడు నాకు ఆ వివరణ నిలవదనిపిస్తుంది.

రైన్ తీరం

నేను బాన్‌లోనే పదకొండేళ్ళుగా ఉంటున్నాను. ఉచ్చారణ గురించి గౌతమిగారి చెవి సరిగానే విన్నది. జర్మన్‌లో అక్షరసమూహం చివర "ద" పలకదు, "ట" అవుతుంది. మాట చివరి "ఇగ్" ప్రామాణిక ఉచ్చారణలో "ఇష్"కు దగ్గరగా ఉంటుంది. నాలుకను అంగిలికి ఆనించీ ఆనించకుండా వదిలే మెత్తని ధ్వని అది, మన "ష" కాదు, "హ" కాదు. దక్షిణాదివారు మాత్రం "లూట్‌విక్" అంటారు. ఇళ్ళలో ముద్దుగా లుట్స్ అని, బవేరియాలో విగ్గెర్ల్ అని పిలుస్తారు. హంగేరీలో ఇదే లాయోష్, పోలండ్‌లో లూద్విక్, స్వీడన్‌లో లూద్విగ్.

ఈ ఊరికి ఈ పేరు సొంతమని చెప్పడానికి సంగీతకారుడు లుడ్విగ్ వాన్ బేతోవెన్ ఒక్కడు చాలు. ఆయనకు 1770 డిసెంబరు 17న ఇక్కడ జ్ఞానస్నానం చేయించారు. ఆయనకు ఆ పేరు వచ్చినది తాతగారినుంచే. ఆ తాత లుడ్విగ్ బెల్జియంలోని మెహెలెన్‌నుంచి వచ్చి, ఇక్కడి ఆస్థానంలో సంగీత బృందానికి అధిపతి అయ్యాడు. మనవడికంటే ముందు, 1769లో, ఆ ఇంట్లో మరో లుడ్విగ్ పుట్టి వారంలోపే పోయాడు. అయినా తాత పేరు నిలవాలని తరువాత పుట్టినవాడికి మళ్ళీ అదే పెట్టారు. పెద్దయ్యాక బేతోవెన్ ఫ్రెంచి పద్ధతిలో లూయీ అని, ఇటాలియన్ పద్ధతిలో లూయిజీ అని కూడా తన పేరు రాసుకొన్న సందర్భాలు ఉన్నాయి. ఆ మూడూ ఒకటేనని ఆయనకు తెలుసు.

చరిత్రప్రియగారు రాసినది చదివాక నాకు ఒక విషయం తట్టి, నిన్న సాయంత్రం పని ముగించుకొని బ్రూడర్‌గాస్సె వీధిలోని చర్చికి వెళ్ళి వచ్చాను. బేతోవెన్‌కు జ్ఞానస్నానం చేయించిన పాత చర్చి ఇప్పుడు లేదు. కాని అందులోని జ్ఞానస్నానపు తొట్టిని ఈ చర్చిలోకి తెచ్చి ఉంచారు. చిన్నప్పుడు ఆయన ఆర్గాన్ వాయించినది కూడా ఈ చర్చిలోనే. తొట్టి పక్కన చాలాసేపు నిలబడ్డాను. పాత చర్చికీ, ఇప్పటి ఈ చర్చికీ ఒకటే పేరు, సెయింట్ రెమీజియస్. రాంస్‌లో క్లోవిస్‌కు జ్ఞానస్నానం చేయించిన రెమీజియస్ ఆయనే! తొలి లుడ్విగ్ తలపై నీళ్ళు పోసిన పునీతుని పేరిట కట్టిన చర్చిలోనే, దాదాపు పన్నెండు వందల డెబ్బై ఏళ్ళ తరువాత, ఈ లుడ్విగ్ తలపై కూడా నీళ్ళు పోశారు. రోజూ ఆ వీధిగుండా నడిచేవాణ్ణి, ఇన్నాళ్ళూ తెలియలేదు.

చరిత్రప్రియ

ఇది నాకు కూడా తట్టలేదు. మీరు వెళ్ళి చూసి రాసినందుకు ఎంతో కృతజ్ఞుడిని.

గౌతమి (రాజమహేంద్రవరం)

మీ అందరికీ రుణపడి ఉంటాను. ఒక్క సంగతి మాత్రం నన్ను తొలుస్తోంది. ఆ పేరు సగం యుద్ధమే కదా. పొత్తిళ్ళలోని పసివాడిని పోరు పేరుతో పిలవడం మంచిదేనా? మా చెల్లెలు కూడా అదే మాట అంది. వియ్యంకుడిగారింట అడిగితే బాగుండదని ఇక్కడ అడుగుతున్నాను.

పదమూలం

అమ్మా, మీరు కలత పడనక్కరలేదు. మన భారతంలో శాంతి కోసం అందరికంటే ఎక్కువగా తపించినవాడు ధర్మరాజు. ఆయన అసలు పేరు యుధిష్ఠిరుడు, అంటే యుద్ధంలో స్థిరంగా నిలిచేవాడు. ఆ పేరు విన్నప్పుడు మనకు కత్తి గుర్తుకు రాదు, ధర్మం గుర్తుకు వస్తుంది. పేరుకు అర్థం దానిని మోసిన మనిషినుంచి కూడా వస్తుంది.

జర్మానిక్ పేర్లలో ఇంకొక విషయం ఉంది. అందులోని రెండు భాగాలను కలిపి ఎప్పుడూ ఒక వాక్యంలా చదవకూడదు. హెడ్విగ్ అనే ఆడపిల్ల పేరులో మొదటి భాగమూ పోరే, రెండో భాగమూ పోరే. ఇందాక చెప్పుకొన్న క్లోదోమేర్‌లో రెండు భాగాలూ కీర్తే. తండ్రి పేరునుంచి ఒక ముక్క, తల్లివైపునుంచి ఒక ముక్క తెచ్చి అతికినప్పుడు కలిపిన అర్థం కుదిరిందా లేదా అని వాళ్ళు పట్టించుకోలేదు. పిల్లవాడు ఎవరి బిడ్డో వినగానే తెలియాలి, అదే వారికి ముఖ్యం. మీ మనవడి పేరు విన్న బంధువులకు కూడా మొదట గుర్తుకు వచ్చేది ఆ ముత్తాతగారే కదా.

శ్రీపథం

బారసాలలో మన వైపునుంచి కూడా ఒక పేరు రాయించే ఉద్దేశం ఉంటే నాదొక సూచన. చరిత్రప్రియగారు చెప్పిన లోథార్ పేరును విప్పితే "హ్లూద్" అంటే శ్రుతం, "హరి" అంటే సేన. మాటకు మాట పెడితే శ్రుతసేన అవుతుంది! ఆ పేరు భారతంలో ఉన్నదే. ఆదిపర్వం మొదట్లో, సరమ అనే కుక్క కొడుకును కొట్టిన జనమేజయుని తమ్ములు శ్రుతసేనుడు, ఉగ్రసేనుడు, భీమసేనుడు. ద్రౌపది కొడుకులలోనూ శ్రుతసేనుడు ఉన్నాడు. ఆ ఆదిపర్వాన్ని నన్నయ తెలుగు చేసినది మీ రాజమహేంద్రవరంలోనే. "శ్రుత" లుడ్విగ్‌లోని మొదటి సగానికి తోబుట్టువు కనుక రెండు పేర్లూ ఒకే పళ్ళెంలో పక్కపక్కన కూర్చోగలవు.

సంశయి

బియ్యంలో తెలుగులో ఎలా రాయాలో ఎవరూ చెప్పలేదు. లూట్‌విష్ అని రాయాలా, లుడ్విగ్ అని రాయాలా?

పదమూలం

నేనైతే లుడ్విగ్ అనే రాస్తాను. జర్మన్లు కూడా పలకని అక్షరాలను రాతలో నిలుపుకొన్నారు, ఆ అక్షరాల్లోనే ఇందాక చెప్పుకొన్న చరిత్ర ఉంది. లూట్‌విష్ అని రాస్తే శ్రుతంతో చుట్టరికం చూపే ద, యుద్ధాన్ని చూపే గ రెండూ పోతాయి.

రైన్ తీరం

నేను కొంచెం భేదిస్తాను. పిల్లవాడిని పిలిచేవారంతా లూట్‌విష్ అనే పిలుస్తారు. పిలిచే ధ్వనే కదా పేరు. అమ్మమ్మ లుడ్విగ్ అని పిలిస్తే వాడు తిరిగి చూస్తాడా అని నా సందేహం.

శ్రీపథం

తప్పక చూస్తాడు. పిల్లలు అమ్మమ్మ గొంతును బట్టి తిరుగుతారు. తెలుగు అజంత భాష, అంటే మాటలు అచ్చుతో ముగిసే భాష కనుక మన పెద్దలు బ్రౌన్ దొరను బ్రౌను అన్నారు. ఆ లెక్కన గౌతమిగారు లుడ్విగు అన్నా తప్పు లేదు.

గౌతమి (ప్రస్తుతం బాన్)

ఆలస్యంగా రాస్తున్నందుకు మన్నించండి. నిన్న ఆదివారం బారసాల జరిగింది.

ఇత్తడి పళ్ళెం రాజమండ్రినుంచే తెచ్చుకున్నాను. బియ్యం పరిచి, చేత్తో సాపు చేసి, అల్లుడి చేతికి ఉంగరం ఇచ్చాను. వారం రోజులుగా కాగితంపై సాధన చేశాడు. ల కింద కొమ్ము బాగానే వచ్చింది. డకు గుడి పెట్టి, కింద వ వత్తు రాసేటప్పుడు బియ్యం జారి గీత పూడుకుపోయింది. చెరిపి మళ్ళీ రాశాడు. చివర గ మీద పొల్లు నేనే వేలు పట్టుకొని రాయించాను. దాని కింద మా అమ్మాయి శ్రుతసేన అని రాసింది.

వియ్యంకుడుగారికి మీరందరూ రాసినది అమ్మాయి రాత్రి కూర్చొని జర్మన్‌లో చదివి వినిపించింది. యుధిష్ఠిరుని సంగతి వచ్చినప్పుడు ఆయన ఆపమని మళ్ళీ చదివించుకున్నారు. ఆయన తండ్రి, అంటే ఆ పెద్ద లుడ్విగ్‌గారు, తన చిన్నతనంలో జరిగిన యుద్ధం గురించి ఇంట్లో ఏనాడూ ఒక్క మాట కూడా మాట్లాడలేదట. నిన్న పళ్ళెం దగ్గర ఆయన వంగి, "శ్రు" అనే అక్షరం ఏదని అడిగారు. చూపించాను. తరువాత పై వరుసలో "లు" ఏదని అడిగారు. అదీ చూపించాను. ఒక వేలు దానిమీద, ఒక వేలు దీనిమీద, బియ్యం కదలకుండా గాలిలోనే ఉంచి కాసేపు చూశారు.

ఆ తరువాత మన పద్ధతి ప్రకారం పిల్లవాడి కుడి చెవిలో పేరు మూడుసార్లు చెప్పాలి అన్నాను. తండ్రి ముమ్మారు చెప్పాక, వియ్యంకుడుగారు తనకూ అవకాశం ఇమ్మని అడిగి, ఒళ్ళోకి తీసుకొని వాళ్ళ పలుకుబడిలో మూడుసార్లు చెప్పారు. నేను నా పలుకుబడిలో చెప్పాను. పిల్లవాడు నిద్రలోనే ఉన్నాడు. నా మూడో పిలుపుకు చేయి తెచ్చి చెవి మీద వేసుకున్నాడు.